బెజవాడ దాకా తెలిసింది: ఒక వాక్యానికి ప్రతిపదార్థం

2024 డిసెంబర్ 4, బుధవారం. పొద్దున్న ఏడున్నర కావడానికి ఇంకా మూడు నిమిషాలుంది. పటమటలంకలో మా వంటింటి గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. పొయ్యి మీద పాలగిన్నెలో మీగడ పొర అటూ ఇటూ ఊగింది. పై ఫ్లాటు వాళ్లు మంచం జరుపుతున్నారనుకున్నాను. అంతలోనే మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఎదురింటి పిన్నిగారు మనవణ్ణి చంకనేసుకుని దిగుతూ, "అలా నిలబడ్డావేంటమ్మాయ్, భూకంపం, కిందికి రా!" అని కేకేశారు.

దిగాం. నలభై మందిమి పార్కింగులో, స్కూటర్ల మధ్య, పిల్లర్ల పక్కన నిలబడ్డాం. ఎవరో ఫోన్లో వార్తలు పెట్టారు. ములుగు పేరు అప్పుడు తెలిసింది. ఆ అరగంటలో అందరూ అన్న మాటల్ని ఒకచోట చేరిస్తే ఒక వాక్యమవుతుంది: "ములుగు దగ్గర భూమి అదిరింది, బెజవాడ దాకా తెలిసింది, కొద్ది క్షణాలే, మనది మూడో జోన్, భయపడాల్సిందేం లేదు."

మా నాన్నగారు తెలుగు మాస్టారు. పద్యం అప్పజెప్పగానే మెచ్చుకునేవారు కాదు. మాటమాటకీ అర్థం చెప్పి, అన్వయం కుదిర్చి, తాత్పర్యం చెప్పాకే పుస్తకం మూయనిచ్చేవారు. ఆ వాక్యం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఒక్కో మాటనీ విప్పుకుంటూ పోతే మనం ఆ రోజు ఇచ్చుకున్న తాత్పర్యం మాత్రం నిలవదు.

ములుగు దగ్గర

కేంద్రం మేడారం అడవుల వైపు. కొలత 5.3. నేషనల్ సెంటర్ ఫర్ సిస్మాలజీ చెప్పిన లోతు 40 కిలోమీటర్లు. అంత లోతున పుట్టింది కాబట్టే పైన ఊళ్లకి పెద్ద నష్టం జరగలేదు, చాలా దూరం తెలిసింది కూడా.

ములుగే ఎందుకు? ఈ ప్రశ్నకి సగం జవాబు సింగరేణి బొగ్గులో ఉంది. పాతిక ముప్ఫై కోట్ల ఏళ్ల కిందట, అంటే ఇప్పటి ఖండాలన్నీ ఒకటిగా ఉన్న కాలంలో, దక్కన్ పీఠభూమికీ బస్తర్ వైపు రాతినేలకీ మధ్య భూమి సాగి, పొడవునా పగిలి, మధ్య భాగం కుంగింది. ఆ పల్లంలోకి నదులు తెచ్చిపోసిన మట్టీ, కొట్టుకొచ్చిన అడవులూ పేరుకుని బొగ్గయ్యాయి. రామగుండం, మణుగూరు, కొత్తగూడెం అన్నీ ఆ పల్లంలోవే. గోదావరి కూడా ఆ దారినే పట్టుకుని పారుతుంది. అంటే మనకి బొగ్గిచ్చిందీ, మధ్యమధ్య అదురు పుట్టిస్తున్నదీ ఒకే పాత గాయం. ఖండం చీలాలని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన చోటు అది. భారత ఫలకం ఏటా ఐదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ హిమాలయాన్ని నెడుతోంది. ఆ ఒత్తిడి దేశమంతా పరుచుకుంటుంది. పాత బట్ట లాగితే కొత్తచోట చిరగదు, కుట్టు ఉన్నచోటే పిగులుతుంది.

1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం దగ్గర వచ్చింది కూడా ఈ కుట్టు మీదే. 5.7 అని లెక్క. ఆ తరం వాళ్లు ఇంకా చెబుతారు. దానికి రెండేళ్ల ముందు, 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 వచ్చింది. మ్యాపు తీసి ఆ రెండు చోట్లా చుక్కలు పెట్టి చూడండి. మధ్యలో ఉన్నది మనం.

గోదావరి పల్లం భద్రాచలంతో ఆగదు. చింతలపూడి కిందుగా దిగి కొల్లేరు వైపు తీరపు మట్టిలో కలిసిపోతుంది. ఆ మట్టి కింద ఏముందో చమురు కోసం తవ్వినవాళ్లు చూశారు. వాళ్ల పటాల్లో పేర్లు చదువుతుంటే మన ఆర్టీసీ బస్సు బోర్డులు గుర్తొస్తాయి: గుడివాడ పల్లం, బంటుమిల్లి పల్లం, కైకలూరు గట్టు, తణుకు గట్టు, బాపట్ల గట్టు. పైన చూస్తే అరచెయ్యిలా చదునైన వరిచేలు. కిలోమీటర్ల లోతున మెట్లుమెట్లుగా విరిగిన రాయి. గుడివాడలో పుట్టి పెరిగినవాళ్లకి కూడా తమ ఊరి పేరు భూగర్భంలో ఒక కుంగుబాటుకి ఉందని తెలియదు. ఈ పగుళ్లన్నీ ఇవాళ కదులుతున్నాయని నేననడం లేదు. ఉన్నాయని మాత్రం ప్రతి బళ్లోనూ చెప్పాలి.

భూమి అదిరింది

భూమి అదరడానికి కారణమేమిటన్న ప్రశ్న మనకి కొత్తది కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపాలకే ఒక అధ్యాయం కేటాయించాడు. సముద్రంలోని పెద్ద జీవాల వల్లనని కొందరు, భూమిని మోసే ఏనుగులు అలసి నిట్టూర్చడం వల్లనని కొందరు, గాలుల తాకిడి వల్లనని కొందరు అంటారని అభిప్రాయాలన్నీ వరసగా పెట్టాడు. ఆయన ఒకే జవాబు పట్టుకుని కూచోకపోవడం నాకిష్టం.

ఇప్పుడు జవాబు తెలుసు, చిక్కంతా మాటలో వచ్చింది. మన పత్రికలు 5.3ని "తీవ్రత" అంటాయి. ఊళ్లో ఎంత అదిరిందో చెప్పడానికీ "తీవ్రత" అనే రాస్తాయి. ఇవి రెండూ వేరు. కల్యాణ మండపంలో డోలు ఒక్కటే మోగుతుంది. పీటల దగ్గర కూచున్నవాళ్లకి గుండెల్లో తగులుతుంది, భోజనాల హాల్లో వడ్డించే వాళ్లకి దూరంగా వినబడుతుంది. డోలు మీద పడిన దెబ్బ భూకంప పరిమాణం. అది ఒకే అంకె. ఎవరి గుండెకి ఎంత తగిలిందన్నది తాకిడి. అది ఊరూరికీ, వీధివీధికీ మారుతుంది. పరిమాణం పేపర్లో వస్తుంది. ఇల్లు పడేదీ నిలిచేదీ తాకిడిని బట్టి.

ఇంకో సంగతి. ఈ అంకెలు మార్కుల్లా ఒకటొకటిగా పెరిగేవి కావు. ఒక అంకె పెరిగితే ఊపు పది రెట్లు, శక్తి ముప్ఫై రెట్లకు పైగా. ములుగు 5.3కీ, 1993లో మహారాష్ట్రలోని కిల్లారిని నేలమట్టం చేసిన 6.2కీ తేడా ఒకటి కన్నా తక్కువే. శక్తిలో మాత్రం ఇరవై రెట్లకు మించి. "ఐదొస్తే ఏం కాలేదుగా, ఆరొస్తే ఏమవుతుంది" అన్నారు ఆ రోజు పార్కింగులో ఒక పెద్దాయన. ఆ లెక్క అలా నడవదు.

బెజవాడ దాకా

మేడారం నుంచి బెజవాడకి నేరుగా గీత గీస్తే రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. ఇంత దూరం రావడానికి కారణం మన రాయే. ఈ నేల చాలా పాతది, గట్టిది. మంచి కంచుగంటని కొడితే మోత ఊరి చివరిదాకా పోతుంది, బీటవారిన గంట అక్కడికక్కడే ఆగిపోతుంది. కాలిఫోర్నియా లాంటి చోట్ల నేల లేత, ముక్కలు ముక్కలు. అలలు త్వరగా నీరసిస్తాయి. అమెరికాకే తూర్పున 2011లో వర్జీనియాలో 5.8 వస్తే న్యూయార్క్ దాటి తెలిసింది. అక్కడున్న మన పిల్లలు చాలామంది జీవితంలో తొలి భూకంపం చూసింది అప్పుడే. భూకంపాలకి పేరు లేని చోట ఎప్పుడో ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడు చాలా ఊళ్లని పలకరిస్తుంది.

"దాకా" అన్న మాటకి మన తీరంలో ఇంకో అర్థం కూడా ఉంది. 2004 డిసెంబర్ 26న భూమి అదిరింది సుమత్రా దగ్గర. మనకి చేరింది నీరుగా. ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. మంగినపూడి తీరంలో సముద్రస్నానాలకి దిగినవాళ్ల మీదికి అల వచ్చింది. ఆ తర్వాతే హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది, 2007 నుంచి పనిచేస్తోంది. సముద్రం విషయంలో మనం పాఠం నేర్చుకున్నాం.

తెలిసింది

అందరికీ తెలియలేదు. మా వీధిలో పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు బండి మీదున్నాడు, అతనికి ఏమీ తెలియలేదు. బెంజి సర్కిల్ దగ్గర బస్సులో ఉన్న మా చెల్లెలికీ తెలియలేదు. నాలుగో అంతస్తులో కూచుని పేపరు చదువుతున్నవాళ్లకి బాగా తెలిసింది. ఎత్తు పెరిగిన కొద్దీ ఊపు పెరుగుతుంది. కదలకుండా ఉన్న ఒళ్లు చిన్న కదలికని కూడా పట్టేస్తుంది. 1969లో బెజవాడంతా పెంకుటిళ్లూ డాబాలూ. ఇప్పుడు సగం ఊరు నేల మీద లేదు, గాల్లో ఉంది. అదే అదురు ఇప్పుడు ఎక్కువ మందికి తెలుస్తుంది.

కొద్ది క్షణాలే

నిజమే. అందువల్లే బతికిపోయాం. ఉయ్యాలని ఒక్కసారి తోస్తే ఆగిపోతుంది. ఊపుకి తగ్గ సమయంలో మళ్లీ మళ్లీ తోస్తే తాడు తెగేదాకా పోతుంది. ప్రతి భవనానికీ తనదైన ఊపు ఉంటుంది. మెత్తటి నేలకీ ఉంటుంది. రెండూ కలిసిన చోట చిన్న తోపుడే పెద్దదవుతుంది.

1985 సెప్టెంబర్ 19న మెక్సికో నగరంలో జరిగింది ఇదే. భూకంపం పుట్టింది 350 కిలోమీటర్ల అవతల, సముద్రతీరాన. దారిలో ఉన్న చాలా ఊళ్లకి అంత దెబ్బ తగల్లేదు. నగరం మాత్రం ఎండిపోయిన సరస్సు మీద కట్టినది. ఆ జిగట మట్టి రెండు సెకన్లకి ఒకసారి ఊగడం మొదలుపెట్టి ఆగలేదు. ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలకి ఆ ఊపు సరిగ్గా సరిపోయింది. వేలమంది పోయారు. వాళ్లని చంపింది దూరాన పగిలిన రాయి ఒక్కటే కాదు, కాళ్ల కింది సరస్సు కూడా.

మనది

వ్యాఖ్యానంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట ఇదే. మనది అంటే ఏది?

బెజవాడ ఒక నేల కాదు. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం కొండలు తూర్పు కనుమల పాత రాయి. ఆ కొండల పాదాలు దాటితే అంతా కృష్ణమ్మ పోసిన మట్టి. పేర్లు వింటేనే తెలుస్తుంది. కృష్ణలంక, పటమటలంక. లంక అంటే నది నడుమ, నది ఒడ్డున నీరు తీసేశాక మిగిలిన మేట. చుట్టుగుంటలో గుంట ఉంది. పాత పేరు పెట్టినవాళ్లు మట్టి పరీక్ష రిపోర్టు రాసి వెళ్లారు. మనం దాని మీద కాలనీ బోర్డు పెట్టుకున్నాం.

ఈ మట్టిని దగ్గర్నుంచి చూడాలంటే అపార్ట్‌మెంటు మొదలుపెట్టే ముందు జరిగే మట్టి పరీక్ష చూడాలి. మూడుకాళ్ల స్టాండ్ నిలబెట్టి, కప్పీ మీదుగా తాడేసి, 63.5 కిలోల ఇనుప దిమ్మని 75 సెంటీమీటర్లు పైకి లాగి వదులుతారు. అది కిందనున్న గొట్టం నెత్తి మీద పడుతుంది. గొట్టం ఒక అడుగు మట్టిలోకి దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో ఒకాయన నోట్‌బుక్కులో గీతలు పెడుతుంటాడు. మా వెనక సందులో ఒక స్థలంలో ఇది జరుగుతుంటే గోడ పక్కన నిలబడి చూశాను. పై నల్లమట్టిలో దెబ్బ పడ్డప్పుడల్లా తాడు లాగే ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. మూడు నాలుగు మీటర్లు దిగాక నీరొచ్చింది. ఆ కింద బూడిదరంగు సన్నిసక. అక్కడ దెబ్బల లెక్క పది లోపే. గొట్టం విప్పి తిరగేస్తే ఇసుక గడ్డలా రాలేదు, జారింది. అది చూసి ఆయన, "లూజు శాండు మేడం, పైల్స్ వెయ్యాల్సిందే," అన్నాడు.

నీళ్లతో తడిసిన సన్నిసక గురించి తీరంలో ఆడుకున్న పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. గట్టిగా కనబడే తడి ఇసుక మీద నిలబడి పాదాలతో టకటకా కొడితే క్షణంలో నీరూరి, కాళ్లు దిగబడతాయి. ఇసుక రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని బరువు మోస్తుంటాయి. అదురు వాటిని సర్దుకోమంటుంది. సర్దుకోవడానికి మధ్యనున్న నీరు తప్పుకోవాలి. తప్పుకునే వ్యవధి లేకపోతే బరువంతా నీటి మీద పడుతుంది. నీరు బరువు మొయ్యదు. నేల కాసేపు ద్రవమైపోతుంది. దీన్నే ద్రవీకరణ అంటారు. 1934 జనవరి 15న బిహార్ భూకంపంలో గంగకి ఉత్తరాన మైదానాల్లో పొలాల మధ్య నుంచి ఇసుకా నీళ్లూ ఊటలుగా చిమ్మాయి, ఇళ్లు వాలి కుంగిపోయాయి. అది కూడా నదులు పోసిన మైదానమే.

ఐదు ప్రాంతపు కంపానికి మన ఇసుక ద్రవమయ్యే అవకాశం చాలా తక్కువ. అంతకంటే పెద్ద ఊపు, ఎక్కువసేపు కావాలి. ఈ మాట చెప్పకుండా భయపెట్టడం న్యాయం కాదు. అయితే మెత్తమట్టి ఊపుని పెంచడానికి ద్రవమే కానక్కర్లేదు. మన దేశపు భూకంప నిర్మాణ ప్రమాణమే దీన్ని లెక్కలోకి తీసుకుంది. కొంత ఎత్తు దాటిన భవనం రాతి మీదుంటే ఎంత బలానికి తట్టుకోవాలో, అదే భవనం మెత్తటి నేల మీదుంటే దానికి 1.67 రెట్ల బలానికి తట్టుకునేలా కట్టమంటుంది. గుణదల కొండ అంచున ఉన్న ఇంటికీ, రామలింగేశ్వర నగర్‌లో ఏటి ఒడ్డునున్న ఇంటికీ "మనది" అన్న మాట ఒకటి కాదు.

అలాగని కొండవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చని కాదు. 2024 ఆగస్టు 31న వానకి నానిన మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ రాళ్లని కదిపింది వాన. అదురు కూడా కదపగలదు. కొండల మీద మెట్లుమెట్లుగా, ఒకరి పునాది ఇంకొకరి గోడగా కట్టుకున్న వేల ఇళ్లున్నాయి. వాళ్లకి ఫ్లాటు కొనే స్తోమత లేకే కొండెక్కారు.

ఎగువన కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. 2019 చివర్లో, 2020 మొదట్లో పులిచింతల జలాశయానికి అటువైపు సూర్యాపేట జిల్లా చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల్లో భూమి పదేపదే గుర్రుమంది. 2020 జనవరి 26 తెల్లవారుజామున రెండున్నర దాటాక 4.6 వచ్చింది. హైదరాబాదు ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు అక్కడ పరికరాలు పెట్టి లెక్కలు తీశారు. 2024 డిసెంబర్‌లో ములుగు తర్వాత ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా చిన్న అదుర్లు వచ్చాయి. ఇవన్నీ ఒకదాని కొసతో ఒకటి ముడిపడి ఉన్నాయనడానికి ఆధారం లేదు. మనది నిద్రపోతున్న నేల మాత్రం కాదు.

మూడో జోన్

ఈ మాట అన్నప్పుడు ఆ పెద్దాయన గొంతులో ధీమా ఉంది. మూడో తరగతి రైలు టికెట్టు లాగా, మూడోది అంటే తక్కువది అన్నట్టు. నిజానికి జోన్లు పైకి లెక్కపెట్టాలి. ఐఎస్ 1893 అనే ఆ ప్రమాణం 2002 సవరణలోనూ, 2016 సవరణలోనూ దేశాన్ని నాలుగు జోన్లు చేసింది: రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు అన్నిటికన్నా ప్రమాదం. ఆ సవరణల పటాల్లో హైదరాబాదు, విశాఖ రెండులో ఉన్నాయి. విజయవాడ మూడులో. ఆ ప్రకారం హైదరాబాదులో కట్టే ఇంటి లెక్కలో జోన్ గుణకం 0.10 వేసే చోట ఇక్కడ 0.16 వెయ్యాలి. అంటే ఒకటిన్నర రెట్లకు పైగా. హైదరాబాదులో పనిచేసి వచ్చిన డిజైను పట్టుకొచ్చి ఇక్కడ పోస్తే కుదరదు.

మరి ఒకటో జోన్ ఏమైంది? ఆ కథ తెలుసుకోవాలి. 1962లో మొదటి ప్రమాణం వచ్చినప్పుడు దక్కన్ పీఠభూమికి భూకంప భయం దాదాపు లేదనే లెక్క. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున మహారాష్ట్రలో కోయినా ఆనకట్ట దగ్గర 6.3 వచ్చింది. 1970లో పటం మార్చారు. 1993 సెప్టెంబర్ 30, వినాయక నిమజ్జనం ముగిసిన రాత్రి, తెల్లవారబోతుండగా కిల్లారి వచ్చింది. ఊళ్లు ఊళ్లే రాళ్ల కుప్పలయ్యాయి. దాదాపు పదివేల మంది. అప్పటి పటంలో ఆ ఊళ్లది ఒకటో జోన్, అన్నిటికన్నా క్షేమమైనది. 2002లో ఒకటో జోన్ అన్న మాటనే తీసేశారు. పటం రేపు ఏమవుతుందో చెప్పదు. నిన్నటిదాకా మనకి ఏం తెలుసో చెబుతుంది. భూకంపం పటాన్ని చూసి రాదు, పటమే భూకంపం వెనక నడుస్తుంది.

నాకు కిల్లారి కన్నా అహ్మదాబాద్ ఎక్కువ గుర్తొస్తుంది. 2001 జనవరి 26, పొద్దున్న తొమ్మిది కాకముందే, బళ్లలో జెండా ఎగరేసే వేళ, కచ్‌లో 7.7 వచ్చింది. అహ్మదాబాద్ అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. సబర్మతి ఒండ్రు మీద కట్టిన ఊరు. జోన్? మూడు. ఆ ఊళ్లో పాత పెంకుటిళ్లు చాలావరకు నిలబడ్డాయి. పడినవి కొత్త అపార్ట్‌మెంట్లు, అందులోనూ కింద కార్లకి ఖాళీ వదిలి పైన నాలుగైదంతస్తులు లేపినవి ఎక్కువ. ఏడు వందల మందికి పైగా ఒక్క ఆ నగరంలో పోయారు.

దూరం దాదాపు అంతే, నది ఒడ్డు అంతే, జోన్ అంకె అంతే, పార్కింగు అంతే. ఒక్క తేడా ఉంది, అది పెద్ద తేడా. అక్కడ కచ్‌లో పాత పెద్ద భూకంపాల చరిత్ర ఉంది. మన గోదావరి కుట్టు మీద ఇంతవరకు కొలిచినవాటిలో పెద్దది 5.7. దాని నుంచి 7.7 వస్తుందని ఎవరూ అనరు. కానీ అహ్మదాబాద్‌కి అంత పెద్దది దూరాన రావాల్సొచ్చింది. మనకి ఆరు ప్రాంతపుది, దగ్గర్లో, అంటే ఖమ్మం జిల్లాలోనో గుంటూరు జిల్లాలోనో వస్తే? మూడో జోన్ అన్న మాటకి అర్థం అదే: రావొచ్చు, వస్తుందనుకుని కట్టు.

భయపడాల్సిందేం లేదు

ఆ రోజు మేం దిగి నిలబడ్డ చోటుకి మళ్లీ వస్తాను. నలభై మందిమి ప్రాణభయంతో పరుగెత్తి వచ్చి, ఐదంతస్తుల బరువుని గోడల్లేకుండా మోస్తున్న పిల్లర్ల మధ్య నిలబడ్డాం. భవనంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు అది. పైఅంతస్తుల్లో ఇటుక గోడలు అడ్డుగా నిలబడి ఫ్రేముని బిగించి ఉంచుతాయి. కింద ఆ గోడలుండవు. ఊపంతా ఆ ఒక్క అంతస్తు పిల్లర్ల మీదే పడుతుంది. బయట ఇరవై అడుగుల రోడ్డుంది, ఎదురుగా ఖాళీ స్థలం ఉంది. ఎవరికీ అటు కాలు కదల్లేదు, ఎండ పడుతోందని. ఊగుతుంటే మెట్లకేసి పరుగెత్తకుండా గట్టి బల్ల కిందో, లోపలి గోడ పక్కనో తల కాచుకోవాలి. ఆగాక దిగి, రోడ్డు దాటి వెళ్లాలి. ఈ ఒక్క సంగతి మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగులో చెప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. చెప్పాక పిన్నిగారు, "ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమ్మా," అన్నారు.

మరి పార్కింగు అంతస్తు మానేద్దామా? 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు సింగ్ నగర్ మీదికి వచ్చినప్పుడు కింది ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అది చూసినవాళ్లు కింద ఖాళీ వదిలి పైన ఉందామనుకోవడంలో తప్పేముంది? వరద ఇంటిని పైకెత్తమంటుంది, భూకంపం కింద బోలుగా వదలొద్దంటుంది. డెల్టాలో బతికేవాళ్లు ఇద్దరి మాటా వినాలి. దారి ఉంది. కింది అంతస్తులో కొన్నిచోట్ల పునాది నుంచి పైదాకా కాంక్రీటు గోడలు నిలబెట్టడం. మేస్త్రీలు వాటిని షియర్ వాల్ అంటారు. లిఫ్టు చుట్టూ, మెట్ల పక్కన, సరిహద్దు వైపు రెండు మూలల్లో. కార్లకి దారి తగ్గదు. నీళ్లకీ అడ్డు రాదు. 2016 ప్రమాణం అడుగు ఖాళీగా ఉన్న భవనాలకి ఇలాంటి గోడలో, బిగింపు ఊచలో పెట్టమనే చెబుతుంది. ఇప్పటికే కట్టేసిన వాటికి పిల్లర్లని లావు చేయించుకోవడం, అడ్డు గోడలు చేర్చుకోవడం వీలవుతుంది. ఖర్చవుతుంది. లిఫ్టు మార్చడానికి వేసుకునే చందా లాంటిదే, నలుగురూ కలిసి వేసుకోవాలి.

ఇంకోటి పిల్లరు. మన ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు తొమ్మిదంగుళాల గోడలో కలిసిపోవాలని "తొమ్మిది పన్నెండు" పిల్లరు పోయించుకుంటాం. మూలలో కనబడితే సోఫా పట్టదని. 2016లోనే వచ్చిన ఇంకో ప్రమాణం ఏ వైపూ పన్నెండంగుళాలకి తగ్గొద్దంటుంది. ఆ మూడంగుళాలు హాల్లోకి పొడుచుకొచ్చినా నష్టం లేదు.

పిల్లర్ లోపలి రింగుల దగ్గర అసలు సంగతి ఉంది. నిలువు ఊచల చుట్టూ కట్టే ఇనుప చట్రాల్ని రింగులంటారు. ఊగినప్పుడు కాంక్రీటు పగిలి రాలుతుంది, నిలువు ఊచలు బయటికి ఉబ్బబోతాయి. వాటిని ఒడిసి పట్టుకునేది రింగు. రింగు చివర్లు లంబంగా, తొంభై డిగ్రీలకి వంచి వదిలేస్తే, పైపొర రాలగానే అది విచ్చుకుంటుంది. చివర్లని లోపలికి, 135 డిగ్రీలకి కొక్కెంలా వంచి, రెండున్నర అంగుళాలకి తగ్గకుండా పిల్లర్ గర్భంలోకి దూర్చాలి. అప్పుడది తెగితేనే విడిచిపెడుతుంది. పైనా కిందా అడుగున్నర మేర రింగుల మధ్య నాలుగంగుళాలు మించొద్దు. మూడో జోన్‌లో ఇది తప్పనిసరి. కొనేవాళ్లు టైల్సు చూస్తాం, కుళాయి తిప్పి చూస్తాం. శ్లాబు పోసేముందు ఊచలు కనబడే రోజు ఒక్కటే ఉంటుంది, ఆ రోజు ఎవరం వెళ్లం.

నేను వెళ్లాను. మా సందు చివర లేస్తున్న భవనం దగ్గర, శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడొకడు దుంగ మీద దిగ్గొట్టిన మేకుల మధ్య ఊచ పెట్టి, ఇనుప తాళంతో టక్కున వంచుతున్నాడు. చివర్లు తొంభైకి ఆగాయి. లోపలికి తిప్పవా నాయనా అనడిగాను.

"తిప్పొచ్చు మేడం. వంచడం కష్టం కాదు, ఎక్కించడమే కష్టం. కొక్కెం లోపలికుంటే ఊచల మధ్య చెయ్యి పట్టదు, ఒక్కొక్కటీ పైనుంచి దించాలి. పొద్దు పోతుంది."

"మేస్త్రి గారికి నేను చెబుతాను. ఒకటి వంచి చూపించు."

తాళాన్ని ఇంకో పిడికెడు దూరం లాగాడు. మెడ వంచి చూసుకుని, రెండో చివరా అలాగే తిప్పి, రింగుని నా చేతిలో పెట్టాడు. ఎండకి వేడెక్కి ఉంది. ఒక పిల్లరుకి ఇలాంటివి ఎన్ని కావాలని అడిగాను. పైన నాలుగంగుళాలకొకటి, కింద నాలుగంగుళాలకొకటి, మధ్యలో ఆరంగుళాలకొకటి అని వేళ్ల మీద లెక్క కట్టాడు.

"పదడుగుల పిల్లరుకి పాతిక దాకా పడతాయి మేడం," అన్నాడు.